ఉప్పలపాటి చెరువున ఒక దినము

మన స్త్రీలకు పక్షులు తెలియవని ఎవ్వరనగలరు? హంస నీటిని విడిచి పాలను గ్రహించుననియు, చకోరము వెన్నెలను త్రావుననియు, చాతకము మేఘమునుండి రాలు బిందువునకై నోరు తెరచుకొని యుండుననియు, జక్కవలు రాత్రి యెల్ల ఏటికి ఆవల నొకటియు ఈవల నొకటియునై వగచుననియు చిన్ననాటినుండి వినుచున్నవారమే. నలచరిత్రమున హంస నడపిన రాయబారమును చెప్పుమన్నచో తడుముకొనకుండ చెప్పగలము. కాని మన పెరటిగోడపై వ్రాలి తోక యాడించుచు కూయు పిట్ట యేదియని బిడ్డ యడిగినప్పుడు మాత్రము, "ఏదో పిట్టలే, నీ పుస్తకాలు సర్దుకో" అని తప్పించుకొందుము. మేమును ఏండ్ల తరబడి అట్లే తప్పించుకొనుచుంటిమి. ఆ సిగ్గే మమ్ము ఒకనాడు దుగ్గిరాలనుండి ఉప్పలపాడునకు నడపినది. ఆనాటి ముచ్చటలను సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

దీనికి మూలమైన సంగతి మా పెరటిలోనే జరిగినది. వానకాలమున కరివేపాకు మొక్కకు పురుగు పట్టుట అందరికిని అనుభవమే. ఆకుమీద కాకిరెట్ట పడినట్లు కనబడు చిన్నపురుగు, కొలది దినములలో పచ్చనై, లావెక్కి, లేతరెమ్మల నన్నింటిని తినివేయును. ముట్టినచో తలవెనుకనుండి ఎఱ్ఱని రెండు కొమ్ములను వెలికిదీసి ఘాటైన వాసనను చిమ్మును. మేము ఏటేట వానిని చీపురుపుల్లతో రాల్చి చెప్పుక్రింద నలిపివేయుచుండెడివారము. పోయిన శ్రావణమున మావారు తమ బడిపిల్లలకు చూపుటకై ఒక పురుగును రెండు రెమ్మలతో గాజుసీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టి, వంటయింటి కిటికీలో నుంచిరి. అది మేత మాని, ఒక పుల్లకు తన్ను తానే దారముతో కట్టుకొని, ముడుచుకొన్న ఆకువలె నైపోయెను. చచ్చినదనుకొంటిమి. కొన్ని దినముల పిమ్మట ఒక ఉదయమున పప్పు పొయ్యిమీద పెట్టి అటు చూచుసరికి, నల్లని పట్టుబట్టపై తెల్లని ముత్యాలవరుస కుట్టినట్లున్న సీతాకోకచిలుక సీసాలో రెక్కలార్చుకొనుచుండెను. గుడ్డ విప్పితిమి. అది కిటికీ చువ్వలనుండి వెడలి, తులసికోటను ఒకమారు చుట్టి, గోడ దాటి పోయెను. పప్పు మాడినది. ఇన్నేండ్లుగా మేము చెప్పుక్రింద నలిపినవి ఇవియా యని ఆనాడు మాకు అన్నము సయించలేదు.

ఈ సంగతిని పౌర్ణమినాటి పారాయణమునకు కూడిన మా వీధి స్త్రీలకు చెప్పితిమి. నవ్వినవారును కలరు, "మా నిమ్మచెట్టు మీదా అవేనమ్మా" యని నొచ్చుకొన్నవారును కలరు. మాటలో మాటగా, గుంటూరు చేరువనున్న ఉప్పలపాటి చెరువులో వేలకొలది పక్షులు గూళ్ళు కట్టుననియు, ఇంత దగ్గర నుండియు మాలో నొక్కరును దానిని చూడలేదనియు తేలినది. తిరుపతిని చూచితిమి, కాశిని చూచితిమి. గుంటూరు ఆసుపత్రులకును, బట్టల దుకాణములకును లెక్కలేనన్ని మార్లు పోయితిమి. చెరువును మాత్రము చూడలేదు. మాఘమాసమున ఒక ఆదివారము పోవుదమని నిశ్చయించితిమి. స్త్రీలము తొమ్మండుగురము, పిల్లలు మువ్వురు.

ఇండ్లలో ఆక్షేపణలు రాకపోలేదు. "పిట్టలను చూడటానికి వ్యాను కట్టించుకొంటారా?" యని ఒక యింట, "గుడికైతే పుణ్యమైనా వచ్చును" అని మరియొక యింట. అన్నిటికంటె గట్టిగా నవ్వినది ఎదురింటి పెద్దమ్మగారు. డెబ్బది దాటిన వృద్ధురాలు. కుమారుడు హైదరాబాదులోను, కుమార్తె అమెరికాలోను ఉన్నారు. ఆమె పెరటిలో మామగారి నాటి చింతచెట్టొకటి కలదు. ఏటేట తొలకరి పడగానే తెల్లకొంగలును, గుడ్డికొంగలును, చింతవక్కులును దానిమీద చేరి గూళ్ళు కట్టి పిల్లలను లేపును. రెండు మూడు నెలలు పెరడెల్ల సున్నము చల్లినట్లుండును. చేపల కంపు వీథికి వచ్చును. బావినీరు వాడుటకు వీలుపడదు. ఆ బాధ పడలేక, చెట్టును కొట్టించి నేలకు సిమెంటు వేయింపుమని కుమారుడు చెప్పగా, ఆమె ఒప్పుకొని, ఫాల్గుణము వెళ్ళులోపల కొట్టుకొని పొమ్మని అడితివానివద్ద బయానా పుచ్చుకొనెను. "కొంగలను చూడటానికి అంతదూరమెందుకే? వానాకాలంలో మా చింత కిందికి రండి. చూడటమే కాదు, నెత్తిమీద కూడా పడతాయి" అని ఆమె యనగా అందరమును నవ్వితిమి. అయినను, ఇంట ఒక్కతెయు కూర్చుండుటకంటె మేలని ఆమెయు బయలుదేరెను.

తెల్లవారక మునుపే లేచి పులిహోర, దద్దోజనము, గారెలు సిద్ధపరచి అరటియాకులలో కట్టితిమి. మావారు తమ బడి దుర్భిణిని, "తొమ్మండుగురికి ఒకటే, పోట్లాడుకొనవద్దు" అను హితవుతో కూడ మా చేతబెట్టిరి.

మొట్టమొదట మా యూరి లాకులయొద్దనే వ్యానును నిలిపించితిమి. దినదినము దాటు కాలువయే. నిలిచి చూచుట మాత్రము అదే ప్రథమము. 1855లో బెజవాడ చెంత కృష్ణకు ఆనకట్ట ముగిసిన పిదప ఈ పడమటి డెల్టాకు కాలువలు ప్రాకినవి. 1957 నుండి ఆ యానకట్టకు మారుగా ప్రకాశం బరాజు ఆ నీటిని పంచుచున్నది. కొమ్మమూరు కాలువ మా దుగ్గిరాలనుండియే పెదగంజాము వైపునకు సాగి బకింగుహాము కాలువను కలియుటచే, పూర్వము పడవలు ఇటనుండి మద్రాసు వరకు పోవుచుండెడివి. పడవలు పోయినవి, కాలువ యున్నది, కాలువను నమ్ముకొన్న పిట్టలును ఉన్నవి.

మంచు విడువని ఆ వేళ, నీటిపై నాలుగు నిలువుల యెత్తున తెలుపు నలుపుల లకుముకిపిట్ట యొకటి కనబడెను. అది గాలిలో ఒక్కచోటనే నిలిచి, రెక్కల నల్లార్చుచు, పొడవైన ముక్కును సూటిగా క్రిందికి వంచి, నీటిని పరీక్షించుచుండెను. అంతలో రాయివలె పడెను. రిత్తముక్కుతో లేచెను. మరల నిలిచెను, మరల పడెను. పిల్లలు లెక్కించిరి: ఎనిమిది మార్లు దూకినది, రెండు చేపలు దొరకినవి. "మన మొకసారి రొట్టె మాడితే పొయ్యి మీద విసుక్కుంటామే!" అని మాలో చిన్నకోడలు మెల్లగా ననెను.

లాకుల గోడపై నీటికాకులు రెక్కలు రెండును చాచి ఆరవేసికొనుచుండెను. ఆవలి గట్టున తెల్లని మూటలు వరుసగా నుండుట చూచి ప్రక్కయింటి పిన్నిగారు, "ఎవరో ధోవతులు పిండి పెట్టి మరచిపోయినారు పాపం" అనిరి. ఆ మాట ముగియకమునుపే ధోవతులలో నొకటి మెడ సాచి నడిచెను! అవి చలికి ముడుచుకొన్న కొంగలు. శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో విల్లిపుత్తూరును వర్ణించుచు ఇట్టి ముచ్చటనే చెప్పియున్నారు. వేకువను కాలువగట్టున రెక్కలలో తలలు దూర్చి నిద్రించు బాతులను చూచి తలారులు, స్నానమాడిన బ్రాహ్మణులు మరచిన పిండిన బట్టలని తలచి, ఇచ్చివేయుదమని దిగిరట. బాతులు లేచి పరువెత్తెనట. అది చూచి పైరు కాచు స్త్రీలు నవ్విరట. ఆ పద్యమును చిన్ననాడు తండ్రిగారు చెప్పగా కంఠస్థము చేసితిమి. అది కవి కల్పించిన చమత్కారమనియే ఇంతకాలము తలచితిమి. మా యూరి కాలువగట్టున, పిన్నిగారి నోట, అది కన్నుతో చూచి వ్రాసిన మాటయని తెలిసికొంటిమి.

ఊరు దాటగానే పసుపు ఉడుకు వాసన వచ్చెను. మా దుగ్గిరాల పసుపు యార్డు దేశమెల్ల నెరిగినది. మాఘఫాల్గుణములలో కళ్ళములన్నియు పచ్చని తివాసులు పరచినట్లుండును. మాలో పసుపుతోట గల యిల్లాలు ఒక సంగతి చెప్పెను. వానకాలమున పసుపాకు గొట్టమువలె చుట్టుకొని యుండును. విప్పినచో లోపల ఆకుపచ్చని పురుగుండును. అదియే తెల్లచుక్కలుగల గోధుమవన్నె సీతాకోకచిలుక యగునట. "తోటంతా చుట్టితే మందు కొట్టక తప్పదు. నాలుగాకులు చుట్టినప్పుడు కొట్టటం మాత్రం తొందరపాటే" అని ఆమె యొప్పుకొనెను. కష్టపడి పండించువారి మాట గనుక మేమును మారుపలుకలేదు.

నందివెలుగు దాటి గుంటూరు దారి పట్టిన పిమ్మట, వరి కోసిన మాగాణిలో పూచిన జనుము చేను కనబడగా ఎండ ఎక్కుచున్న వేళ దిగితిమి. దూరమునుండి చేనెల్ల పసుపు పచ్చగా నుండెను. దగ్గరకు పోయి కదలక నిలిచిన తరువాత గాని పువ్వులలో సగము ఎగురుచున్నవని తెలియలేదు. అవి వ్రేలిగోరంత నీలిచిలుకలు. వెనుక రెక్కకు వెండ్రుకవంటి తోక, దాని మొదట నల్లచుక్క. వ్రాలినప్పుడు ఆ తోకను మీసమువలె కదలించును. శత్రువు ఆ చుక్కను కన్ననుకొని పొడిచినచో రెక్కకొన చిరుగునే గాని ప్రాణము పోదు. జనుము, కంది, మినుము మొదలైన వాని పూవులలో ఇవి గ్రుడ్లు పెట్టును. ఈ చిలుకయే ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, ఐరోపా దక్షిణమున స్పెయిను దేశపు పొలములలోను ఎగురునట. అచ్చటి గృహిణులును తమ చిక్కుడుపాదులపై దీనిని చూచి మనవలెనే "ఏదో పురుగు" అనుకొనుచుందురేమో!

చేనిగట్టున జిల్లేడుపొద మీద నారింజవన్నె రెక్కలకు నల్లని అంచుగల చిలుకలు తిరుగుచుండెను. దీని పురుగు జిల్లేడాకునే తినును. జిల్లేటిలోని విషము దాని యొంట నిలిచి, రెక్కలు వచ్చిన పిదపను పోదు. కనుక ఒకసారి దానిని రుచి చూచిన పక్షి మరల దాని జోలికి పోదు. ఇంకొక వింత. మనము కూర వండుకొను గంగవాయిలి ఆకును తిని పెరుగు చిలుక యొకటి కలదు. దానికి విషమేమియు లేదు. దాని మగది నల్లనిదై తెల్లని బొట్లతో నుండును. ఆడది మాత్రము అచ్చముగ ఈ జిల్లేటిచిలుక చీరనే కట్టుకొని తిరుగును. గ్రుడ్లు పెట్టువరకు బ్రదుకవలసినది ఆడది గదా! "పొరుగామె చీర కట్టుకుని పేరంటానికి పోయినట్లు" అని పిన్నిగారు నవ్వించిరి. అయినను అది ప్రాణము కాపాడుకొను చీర యని తలచినప్పుడు మా నవ్వు కొంత తగ్గెను.

ఉప్పలపాడు చేరుసరికి ప్రొద్దు బారెడు పైకెక్కెను. అది కొండలనడుమ నున్న అడవి కాదు, కోనేటిచుట్టు తోట కాదు. ఊరిని ఆనుకొనిన చెరువు. ఒకవైపు ఇండ్లు, మరియొకవైపు పొలములు. చెరువు నడుమ తుమ్మచెట్లు. చెట్లు చాలనందున ఇనుపకమ్ములతో నిలిపిన కృత్రిమవృక్షములు. చూచుటకు ముందే వినబడినది. వినబడుటకు ముందే వాసన వచ్చినది. పెద్దమ్మగారు కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని, "మా పెరడే!" అనెను.

గట్టెక్కి చూచితిమి. ఏమని చెప్పుదుము? కొమ్మ కనబడకుండ పక్షులు. పైయంతస్తున గూడబాతులు, వాని దిగువ ఎఱ్ఱకాళ్ళ కొంగలు, నడుమ తెల్లకంకణములు, నీటిచెంత నీటికాకులును చింతవక్కులును. పెద్దసత్రములో పెండ్లివారు దిగినట్లు ఎవరి చాప వారిదే, ఎవరి కలహము వారిదే. ఒక గూటి పుల్లను ఒకటి దొంగిలించుకొని పోవుచుండ ఆ గూటియిల్లాలు ముక్కు చాచి అరవలేక ముక్కును టపటప కొట్టుచుండెను. ఎఱ్ఱకాళ్ళ కొంగ పెద్దదైన తరువాత దానికి గొంతు దాదాపు లేదట. కోపమైనను, ప్రేమయైనను ముక్కుచప్పుడే.

దుర్భిణికై జరిగిన తగవు ఇచ్చట వ్రాయ నక్కరలేదు. పిల్లలకంటె పెద్దలే ఎక్కువగా పోట్లాడితిమి.

గూడబాతును మేము ఇంతకుముందు ఆకాశమున చూచి పెద్దకొంగ యనుకొనెడివారము. అది కొంగ కానేకాదు. బూడిదవన్నె దేహము, పైముక్కు అంచున వరుసగా చుక్కలు, క్రిందిముక్కునకు వ్రేలాడు తోలుసంచి. నాలుగైదు కిలోల బరువు. రెక్కలు విప్పినచో ఈ కొననుండి ఆ కొనకు ఏడడుగులు. అంత బరువు ఎట్లు లేచునో యని చూచుచుండగనే, రెండు రెక్కలూపులకొకసారి విశ్రమించుచు, తేరువలె మా తలలమీదుగ పోయెను. మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి నెలదినములు పొదుగును. పిల్లలు ఎగిరిపోవుటకు మూడునెలలకు తక్కువ పట్టదు; ఐదు నెలలు పట్టుటయు కలదు. అంతకాలము తల్లిదండ్రు లిరువురును చేపలు మోయవలసినదే. ఇన్ని నోళ్ళకు ఈ ఒక్క చెరువు చాలదు. దూరపు కాలువలకును చెరువులకును పోయి సంచిలోను కడుపులోను తెచ్చుకొందురు.

పిల్లకు మేత పెట్టు విధమును చూచి మాకు మొదట భయము కలిగెను. తల్లి నోరు తెరచును. పిల్ల తన తలను, మెడను తల్లినోట దూర్చును. సంచిలో పిల్ల కదలుట బయటికి కనబడును. తల్లి కన్నులు మూసికొని, ఆ తాకిడి కంతకు ఓర్చి, కొమ్మను కాళ్ళతో బిగబట్టుకొని నిలుచును. దుర్భిణి అప్పుడు పెద్దమ్మగారి చేత నుండెను. మేమెంత అడిగినను ఆమె తిరిగి ఈయలేదు. చాలసేపటికి, "దీనికీ ఒక పిల్ల మిగతావాటిని తోసేసి తింటున్నదే" అనెను. మరికొంత సేపటికి, "మా అమ్మాయికి పురుడు పోసుకొనే యోగం నాకు లేకపోయింది" అనెను. కుమార్తె కాన్పునాటికి పెద్దమ్మగారు మోకాలి నొప్పితో మంచమున నుండిరి, విమానమెక్కలేకపోయిరి. మనుమరాలిని ఫోనులోనే చూచిరి. ఈ మాట మూడేండ్లుగా మా యెవ్వరితోను ఆమె చెప్పలేదు. మేము ఏమియు పలుకలేక చెరువు వైపే చూచుచు నిలిచితిమి.

ఎండ ముదిరెను. ఎఱ్ఱకాళ్ళ కొంగలు గూళ్ళపై నిలిచి, గులాబి రంగు ఈకలు మెరయ, రెక్కలు గొడుగువలె విప్పి పిల్లలకు నీడ పట్టెను. ఎండ తిరిగిన కొలది తామును తిరుగుచుండెను. ఆ నీడలో నిలిచిన తల్లికి నీడ ఎవరును పట్టలేదు.

గట్టున కావలియున్న యువకుడు, ఇవి సైబీరియానుండి వచ్చునని చెప్పెను. చాలమంది అట్లే చెప్పుదురు. మావారు ఇచ్చిన పక్షుల పుస్తకము మాత్రము వేరు చెప్పుచున్నది. సూదితోక బాతుల వంటివి హిమాలయముల కావలినుండి శీతకాలపు విడిదికి వచ్చునవి. అవి ఇచ్చట గూడు కట్టవు. గూడబాతును ఎఱ్ఱకాళ్ళ కొంగయు మన దేశపు పక్షులే. నీరును మేతయు చూచుకొని తావులు మారుచుండును. పిల్లలను కనునది మన చెరువులమీదనే. ఇవి అతిథులు కావు, పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడపిల్లలు. అతిథి ఆదరణ లేనిచో మరియొక యింటికి పోవును. పుట్టినిల్లు తలుపు మూసినచో ఆడపిల్ల ఎచ్చటికి పోవును?

మధ్యాహ్నము చెరువునకు కొంచెము ఎడముగా చెట్టునీడను ఆకులు పరచుకొన్నప్పుడు ఈ మాటయే సాగినది. కె. కె. నీలకంఠన్ అను మళయాళదేశపు ఆంగ్లోపాధ్యాయుడు 1946లో మన పశ్చిమగోదావరి జిల్లాలో కొల్లేటి ప్రాంతమున గూడబాతుల పెద్ద నెలవును కనుగొని లోకమునకు తెలిపెను. ఊరిచెట్లమీదనే వందలకొలది గూళ్ళు. కొన్ని దశాబ్దములు గడచుసరికి అవి ఆ నెలవును విడిచిపోయినవి. ఇందుకు మారైన కథ కర్ణాటకమున మద్దూరు చేరువ కొక్కరె బెళ్ళూరున జరుగుచున్నది. అచ్చట ఊరిలోని యిండ్లనడుమ చింతచెట్లమీదనే గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును గూళ్ళు కట్టును. గ్రామస్థులు వానిని తోలరు. క్రింద పడిన రెట్టను పొలములకు ఎరువుగా వాడుకొందురు. స్పెయిను దేశమున తెల్లకొంగలు దేవాలయముల గంటగోపురములపైన గూడు పెట్టుకొనును. గంట మ్రోగుచునే యుండును, కొంగ పొదుగుచునే యుండును. ఇవన్నియు ముచ్చటించుచుండ పెద్దమ్మగారు దద్దోజనము ముందుంచుకొని తినక, "చింతచెట్లమీదనేనా?" అని మాత్రము అడిగెను. అవునంటిమి. ఆమె మరి మాట్లాడలేదు.

తిరుగుదారిలో సాయంకాలము జొన్నచేలపై ఒక నల్లని మేఘము పుట్టెను. అది సాగెను, ముడుచుకొనెను, చాపవలె పరచుకొనెను, కడవవలె గుండ్రనయ్యెను. అవి గులాబి గోరింకలు. మధ్యాసియానుండి నిజముగా వచ్చు చుట్టములు ఇవి. జొన్నకంకిని తినును, మిడుతలనును తినును, రైతు వానిని తిట్టుటయు న్యాయమే, కాచుటయు న్యాయమే. వ్యానులో ఎవ్వరికిని మాటలు లేవు. ఉదయమున నవ్వుచు బయలుదేరిన తొమ్మండుగురము, గుడినుండి వచ్చువారివలె ఇల్లు చేరితిమి.

పదిదినములకు అడితివాడు గొడ్డళ్ళతోను, త్రాళ్ళతోను ఎదురింటికి వచ్చెను. చప్పుడు విని మేము వాకిటికి పోయితిమి. పెద్దమ్మగారు బయానాసొమ్మును కొంగునుండి విప్పి వాని చేతబెట్టుచుండిరి. "ఇప్పుడు కాదు నాయనా. తొలకరికి అవి వస్తాయి. పిల్లలు లేచి ఎగిరిపోయాక, కార్తికం వెళ్ళాక చూద్దాం" అనిరి. వాడు గొణుగుకొనుచు పోయెను. ఆ రాత్రి కుమారుడు ఫోనులో చాలసేపు కోపపడెనట. ఆమె బావికి సన్నని ఇనుపవల మూత చేయించెను. చింతక్రింద రాలిన రెట్టను ఎత్తి కొబ్బరిమొక్కలకు వేయుటకు గొయ్యి త్రవ్వించెను. కార్తికము వెళ్ళిన తరువాత ఏమగునో చెప్పలేము. ఆ నేల కుమారునిది. ఆతని కష్టమును ఆతనిది. ఒక్క ఏడాది మాత్రము పుట్టినిల్లు నిలిచినది.

మా పెరటిలోనికి వచ్చినచో, ఇప్పుడు కరివేపాకు మొక్కలు రెండు. గోడప్రక్కది వంటకు; దానిపై పురుగు కనబడినచో రెమ్మతో కూడ తీసి రెండవదానిపై పెట్టుదుము. పిల్లలు వానికి కావలి. గంగవాయిలి కోయునప్పుడు నాలుగు మొదళ్ళను విడిచిపెట్టుచున్నాము. గోడవెంట మొలచిన జిల్లేటిని పీకించలేదు. ఇందువలన మా కూరలో రుచి తగ్గినది లేదు. ఖర్చు పెరిగినది లేదు.

సోదరీమణులారా, పక్షులను చూచుటకు ఉప్పలపాడే పోవలెనని మేము చెప్పుట లేదు. పోగలిగినచో శీతకాలమున ఒక ఉదయము పొండు, బిడ్డలను తీసికొనిపొండు, గట్టున కేకలు వేయనీయకుడు, రంగుచీరలకంటె వెలిసిన చీరలు కట్టుకొనుట మేలు. పోలేనిచో మీ పెరటిగోడయొద్ద పావుగంట నిలుచుండుడు. మా గోడమీద ప్రతిదినము తోక యాడించు ఆ పిట్ట పేరు మొన్ననే తెలిసినది. అది పసులపోలిగాడు. ఈసారి బిడ్డ యడిగినప్పుడు పేరు చెప్పితిమి. వాడు, "అది పసుల వీపుమీద ఎందుకు ఎక్కుతుంది?" అని మరియొక ప్రశ్న వేసెను. గడ్డిలో పసుల కాళ్ళక్రిందనుండి లేచు పురుగులకొఱకని చెప్పి, ఇరువురమును గోడయొద్ద నిలిచి దానిని చూచుచుంటిమి. ఆనాడును పప్పు కొంచెము మాడినది.